పేరమ, మరొక పేరమ

తడి కాగితం రాతికి అంటించి
కుచ్చు బ్రష్షుతో మెల్లగా తడుతుంటే
అక్షరాల గుంటల్లోకి అది తనంతట తానే దిగుతుంది.
ఆ పైన మసి అద్దాలి.
ఇరవై రెండేళ్లుగా నా పని ఇంతే.
చదవడం సారు పని.

పామూరు అవతల చిల్లచెట్ల మధ్య
మొదటి పేరమ దొరికింది.
గుడి దీపానికి యాభై గొర్రెలిచ్చింది.
మొగుడి పేరున్న చోట రాయి పెచ్చులేచిపోయి
'నాయకుని' అన్న ముక్క ఒక్కటే మిగిలింది,
ఏ తలకైనా సరిపోయే తలపాగాలా.

రెండో పేరమ మన్నేటి ఒడ్డున.
బావి తవ్వించింది.
శకాబ్దాలు కూడితే ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత.
అదే దేవుడు, అదే సీమ.
ఒక్కతే, అన్నారు కుటుంబయ్య సారు.
పడుచుతనంలో దీపం, ముసలితనంలో బావి,
నడుమ ఒక బతుకు పట్టడానికి
ముప్పై ఎనిమిదేళ్లు చాలవా?

మొదటి రాతి మీద గొఱియల్లో బండి ఱ ఉంది సార్,
రెండో రాతి చెరువులో లేదు, అన్నాను.
మారింది చెక్కినవాడు, ఆమె కాదు, అన్నారు.
అదీ నిజమే కావచ్చు.

మూడో పేరమ రాయి కాదు, తాటాకు.
ఉదయగిరి నుంచి ఒకాయన గోనెసంచిలో తెచ్చాడు.
కరువు ఏడు. చంకబిడ్డతో సహా
తొమ్మిది వరహాలకు అమ్ముడుపోయింది.
ఈమె కాదులే, అని పక్కన పెట్టారు సారు.
నాలుగొందల ఏళ్ల తర్వాతి ఆకు. ఈమె కాదు, సరే.
కానీ ఆ 'లే' మాత్రం
నా గోళ్లలో మసిలాగా సబ్బుకు వదల్లేదు.

మొన్న మళ్లీ మొదటి రాతి దగ్గరికి పోయాం.
బోరు వేస్తూ జేసీబీ దాన్ని బోర్లా తిప్పేసింది.
రాతికి వెనక ముఖమూ ఉందని
అన్నేళ్లుగా మాకు తట్టనే లేదు.
దాని మీద ఒకావిడ దుప్పటి ఉతుకుతోంది.
"ఏందబ్బయా, నా బండ మీద కాయితాలేస్తన్నారు?"
పేరడిగితే పేరమ్మంది.
సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నీ పేరే గలామె ఏడొందల ఏళ్ల కింద
దీపానికి గొర్రెలిచ్చిందమ్మా, అన్నాను.
"గొర్రెలిస్తే దీపమెట్టా ఎలగద్ది?"
పట్టుకున్నవాడు రోజూ మానెడు నెయ్యి పొయ్యాలి.
వాడి తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు,
సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతదాకా.
"అయితే ఎలిగించింది ఆళ్లు గదా.
ఆళ్ల పేరేందో సదవండి."

ఆ పేరుండాల్సిన వరసలో
నున్నటి నలుపు. కాగితం దిగడానికి గుంటే లేదు.
ఎన్నాళ్లుగానో ఆవిడ బాదుతున్నది
సరిగ్గా అక్కడే.
నేను చెప్పలేదు. సారూ చెప్పలేదు.

జీపెక్కుతుంటే కేకేసింది.
"పేర్లు ఇడదీసేవోళ్లయితే నా సంగతి తేల్చిపోండి.
మా ఊళ్లో ఇంకో పేరమ్మ ఉండాది,
దాని మొగుడూ కొండయ్యే.
మూణ్ణెల్లుగా నా బియ్యం దానికి పోతన్నాయి.
ఏలేస్తే మిషను నేను నేను కాదంటది."
బొటనవేలు చాచి చూపించింది.
సబ్బునీళ్లకు నాని, తెల్లగా, నున్నగా,
ఒక్క గీతా లేదు.

రాత్రి కనిగిరి లాడ్జిలో
ఫ్యాను కింద కాగితాలు ఆరుతున్నాయి.
సారు చెబుతుంటే సూచిక రాస్తున్నాను.
పేరమ: దీపం. చూడుము, పేరమ: బావి.
రాసి, 'చూడుము' కింద పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను.
ఆయన చూశారు, ఏమీ అనలేదు.
తాటాకు మూట తనే విప్పి
చాలాసేపు దీపం దగ్గర పెట్టుకున్నారు.

లైటార్పాక, నిద్రపోయారనుకున్నాక,
చీకట్లోంచి అడిగారు:
"పామూరు మండలాఫీసులో
నీకెవరైనా తెలుసా?"